బొగ్గు పొరల పేటెంటు కోసం జనగామ నుంచి భూపాలపల్లికి

జనగామ నుంచి భూపాలపల్లికి ఎవరైనా హన్మకొండ మీదుగానే వెళ్తారు. నేను మహబూబాబాద్ చుట్టు తిరిగి వెళ్ళాను. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఈ ఊళ్ళన్నీ ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఆ దారిన పోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను గానీ, తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నేను జనగామలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. దేవరుప్పుల వైపు నుంచి వచ్చే పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. బోరునీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద గారచారలు. నాతోపాటు పీహెచ్‌డీ చేసిన బాలు మానుకోట దగ్గర తండావాడు. మహబూబాబాద్‌ను మా దిక్కు మానుకోట అనే అంటారు. సెలవుల్లో మేమిద్దరం భూపాలపల్లి బొగ్గు తెచ్చి, ఘాటు యాసిడ్లు లేకుండా దాన్ని ఒక్క అణువు మందం ఉండే పొరలుగా విడదీసి, వాటికి పటిక పట్టించే పద్ధతి ఒకటి కనిపెట్టాం. ఆ పొరలు నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పట్టుకునేవి. హైదరాబాద్‌లో పేటెంట్ ఏజెంటు మా ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. అలాంటి కార్బన్ పొర లోకానికి తెలిసిందే, దానికి పేటెంటు రాదు. మీరు తయారుచేసే తీరుకే వస్తుంది. దరఖాస్తు దాఖలు చేసేదాకా ఆ తీరు ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. దరఖాస్తు దాఖలైతే ఫిల్టర్లు మేం తయారుచేస్తామని ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. దరఖాస్తు సిద్ధమైంది, బాలు సంతకమే మిగిలింది. అతని ఫోను వారంగా కలవలేదు. బొగ్గుబావులు ఆగి కరెంటు కోతలు పెరిగాయి, ఎవరి ఫోనూ సరిగ్గా చార్జయ్యేది కాదు. సమ్మె ఎప్పుడు ముగుస్తుందో తెలియక అతని తండాకు నేనే బయల్దేరాను.

బస్సుల్లేవు, రైళ్ళ మీద నమ్మకం లేదు. తరిగొప్పులకు చెందిన యాదగిరి జీపు మాట్లాడుకున్నాను. డీజిల్ మనదే, పైన వెయ్యి. ఆ రోజుల్లో అది న్యాయమైన ధరే. "తొవ్వల ఏడనన్న వంటా వార్పు పెడ్తరక్కా. జర ఓపిక వట్టాలె," అన్నాడు. ఆరింటికి బయల్దేరి పాలకుర్తి, తొర్రూరు మీదుగా పోయాం. తొర్రూరు దాటాక నిజంగానే ఉద్యమకారులు రోడ్డు మీద పొయ్యిలు వెలిగించారు. జీపు ఆపి మమ్మల్ని కూడా కూర్చోబెట్టి పప్పూ అన్నమూ పెట్టారు. "తినకుంటె జీపు కదలదు" అని ఒకాయన విస్తరి చేతిలో పెట్టాడు. రుచి ఇంకా గుర్తుంది. గంటకు పైగా అక్కడే పోయింది.

తండా చేరేసరికి పదకొండు దాటింది. బాలు వాళ్ళమ్మ వాకిట్లో మక్కజొన్న కంకులు ఆరబోస్తోంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ. నాతో మాత్రం తెలుగులో మాట్లాడింది.

"బాలు లేడు బిడ్డా. భూపాలపల్లి పోయిండు. వాని బావ బొగ్గుబాయిల పనిజేస్తడు గదా, సమ్మెల కూసున్నడు. అండగ ఉంటనని పోయిండు."

"ఎప్పుడొస్తాడమ్మా?"

"తెలంగాణ వచ్చినంక వస్త అన్నడు," అని నవ్వింది. జొన్నరొట్టె మీద కారం వేసి చేతికిచ్చి, "మా కొడుకు నీ తాన ఏదో మందు జేసిండంట. నీళ్ళ మందు. గది జనానికి ఎప్పుడు ఇస్తరు?" అని అడిగింది. కాగితాల పని అయిపోతే వస్తుందమ్మా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు.

అక్కడి నుంచి గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి, ములుగు. నర్సంపేట దాటాక చెట్ల నీడలో రోడ్డు చల్లగా ఉంటుంది. ఎవరైనా వెళ్తే మధ్యాహ్నం ఆ ముక్క దాటేలా చూసుకోండి. ఘణపురం మీదుగా భూపాలపల్లి చేరేటప్పటికి ఎండ వాలుతోంది. గని వైపు లారీలు లేని ఆ రోడ్డును నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

సమ్మె శిబిరం చౌరస్తా పక్కనే. బాలు నన్ను చూసి గబగబా లేచి వచ్చాడు. "అక్కా, నువ్వొస్తవనుకోలె. గిది సూడు," అని జేబులోంచి మడతపెట్టిన పేపరు తీశాడు. జిల్లా పేజీలో అతని ఫొటో, చేతిలో నీళ్ళ సీసా. కింద పెద్ద వార్త. నిలబడే చదివాను. బొగ్గును దేనిలో నానబెట్టాలి, ఎంత వేడి చెయ్యాలి, పటిక ఎప్పుడు కలపాలి, ఎలా ఆరబెట్టాలి, అన్నీ వరసగా ఉన్నాయి. విలేఖరి ఒక్క మెట్టు కూడా వదల్లేదు.

సంచిలో దరఖాస్తు ఉంది. బయటికి తియ్యలేదు.

"బాలూ, ఇదంతా ఎందుకు చెప్పినవ్?"

నా ముఖం చూశాక అతనికి అర్థమైంది. పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. మెల్లగా చెప్పాడు. బయటి నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు శిబిరం దగ్గర ఆగాడట. బాలు సైన్సు చదివాడని ఎవరో అంటే, "ఏందీ, గిట్ల మాట్లాడే మీకు కెమిస్ట్రీ కూడా వస్తదా?" అని వీళ్ళ యాసను సాగదీసి నవ్వాడట. చుట్టూ ఉన్న కార్మికులు తలలు వంచుకున్నారట.

"గప్పుడు లేచి చెప్పిన అక్కా. బొగ్గంటె ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలు అని మొదలువెట్టి, మన యాసల్నే అంతా చెప్పిన. అందరు సప్పట్లు కొట్టిండ్రు. మా బావ కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. పేపరాయన ఆన్నే ఉండె."

"ఏజెంటు చెప్పింది యాదికి లేదా?"

"యాదికుండె. ఆ కాంట్రాక్టరు నవ్వినంక లేదు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. అతని బావ టీ తెచ్చి ఇచ్చి, "మా బామ్మర్ది మా పరువు నిలవెట్టిండు మేడం," అన్నాడు. ఆయన ముందు ఇంకేం అనగలను? టీ తాగి, బాలు భుజం మీద చెయ్యి వేసి, రేపు ఏజెంటుకు ఫోన్ చేద్దామన్నాను.

ఏజెంటు ఆశ పెట్టలేదు. ముందే అచ్చయిన పద్ధతి కొత్తది కాదు. మినహాయింపులు ఏవో కొన్ని ఉన్నా, సమ్మె శిబిరమూ దినపత్రికా వాటిలోకి రావన్నాడు. పద్ధతి మార్చి కొత్తగా ఏదైనా చేస్తే చూద్దామన్నాడు. చేశాం. ఆ మార్పు మీద వచ్చే పేటెంటుకు అంత బలం లేకపోయింది. కంపెనీవాళ్ళు మర్యాదగానే తప్పుకున్నారు. "రేపు ఎవరైనా ఇదే చేసి సగం ధరకు అమ్మొచ్చు, మేం మిషన్లు ఎందుకు కొనాలి?" అన్నారు.

పద్ధతి పేపర్లో అందరికీ దొరికింది కాబట్టి ఎవరో ఒకరు చేస్తారులే అని ఎదురుచూశాను. ఎవరూ చెయ్యలేదు. అందరిదీ అయిన దాని మీద సొమ్ము పెట్టడానికి ఒక్కరూ రాలేదు. రాష్ట్రం వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళకు నల్లాల్లో నది నీళ్ళూ వచ్చాయి. ఆ నడుమ ఏళ్ళలో పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం ఆ బోరునీళ్ళే తాగారు. బాలు ఇప్పుడు మానుకోటలో లెక్చరర్. మేం ఎప్పుడు కలిసినా అన్నీ మాట్లాడుకుంటాం, ఆ విషయం తప్ప. ఆ రోజు అతను నోరు మూసుకుని ఉండాల్సిందని నేను ఒక్కసారి కూడా అనుకోలేకపోయాను. అనుకోగలిగితే ఈ బాధ ఇంత ఉండేది కాదేమో.

శాంపిళ్ళ కోసమో, ప్రయోగాల కోసమో ఊళ్ళు తిరిగే పరిశోధకులకు ఒక్క సలహా. ఫలితాలన్నీ పూర్తి కానక్కర్లేదు. బయల్దేరే ముందే తాత్కాలిక దరఖాస్తు దాఖలు చెయ్యండి, పూర్తిది ఇవ్వడానికి ఏడాది గడువుంటుంది. అది అయ్యాక ఏ చౌరస్తాలో ఎవరు నవ్వినా లేచి నిలబడి, మీ యాసలో, కడుపునిండా చెప్పండి.