దేవుడికి గొంతు అరువిచ్చినవాడు

పరాయి భాషల నుంచి వచ్చే భక్తి సినిమాలన్నింటిలో దేవుడికి గొంతు ఆయనదే. ఆ గొంతును పసిబిడ్డను సాకినట్టు సాకుతాడు. ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు, చేతిలో గోరువెచ్చటి నీళ్ల ఫ్లాస్కు. ఇంట్లో పోట్లాడాల్సి వచ్చినా చేతులు ఊపి ఊరుకుంటాడు. "లోకానికేమో వరాలు, నాకేమో సైగలు" అంటుంది భార్య. ఈసారి కొత్త సినిమాకి స్టూడియో నుంచి పిలుపు రాలేదు. తనే వెళ్లి అడిగాడు. "దేవుడు ఆ కాలం భాషలోనే మాట్లాడతాడండీ. కింద మన అక్షరాలు వేస్తున్నాం. డబ్బింగ్ చెబితే పవిత్రత పోతుందట" అన్నాడు మేనేజరు. "అయితే ఇన్నాళ్లూ పోగొట్టింది నేనేనన్నమాట" అని ఆయన ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు.

చదువురాని తల్లి ఆ సినిమా చూస్తానని పట్టుబడితే తీసుకెళ్లాడు. తెర మీద దేవుడు నోరు విప్పగానే ఆవిడ కొడుకును మోచేత్తో పొడిచింది. "ఏమంటున్నాడ్రా?" ఆయన వంగి, కింది అక్షరాలు చదివి ఆవిడ చెవిలో చెప్పసాగాడు. అలవాటు కొద్దీ దేవుడి పెదవులకు సరిపోయేలా మాట కుదిరింది, గొంతూ కాస్త లేచింది. వెనక సీటతను భుజం తట్టాడు. "మాస్టారూ, కాస్త నోరు మూసుకోండి. అక్కడ దేవుడు మాట్లాడుతున్నాడు."

ఆయన మూసుకున్నాడు. తల్లి మాత్రం సినిమా అయ్యేదాకా అంతా అర్థమైనట్టు తలూపుతూ కూర్చుంది.