పసుపుకొమ్మా, శనక్కాయా

మొన్న పొద్దున, కాఫీలో చక్కెర వేసుకోవాలా మానాలా అని నాతో నేనే తగువులాడుకుంటూ కూర్చుని ఉండగా, మా మనవడు ఫోను మీద వేలు ఆడిస్తూ, మన వార్డుకు పార్టీ టికెట్ ఫలానా ఆయనకు వచ్చిందవ్వా అని చెప్పాడు. ఎవరిచ్చారురా అంటే పైనుంచి వచ్చిందన్నాడు. పైనంటే ఎక్కడ అంటే బెంగుళూరో ఢిల్లీయో అని తల గోక్కున్నాడు. ఆ టికెట్ కోసం ఇంకెవరు పోటీపడ్డారో, ఆ మనిషికీ ఈ మనిషికీ ఆలోచనలో తేడా ఏమిటో వాడికి పట్టలేదు. వాణ్ని అని ఏం లాభం, మా వీధిలో ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం కాఫీ చల్లారిపోయినా ధ్యాస లేదు. ఒక టికెట్ ఎవరికివ్వాలో తేల్చడానికి మా బజారు ఆడవాళ్ళమంతా పెట్టెల్లోని చీరలు తీసి కట్టుకుని సత్రం దగ్గర బారులు తీరిన రోజు ఒకటి ఉండేదని చెబితే ఈ కాలం పిల్లలు నమ్ముతారా? నా ఈడువాళ్ళయినా నమ్ముతారని రాస్తున్నాను.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికింకా ఎన్నో ఏళ్ళు కాలేదు. నేను రూపనగుడి పల్లె నుంచి బళ్ళారి బజారు ఇంటికి కోడలిగా వచ్చి, ఆ ఇంట్లో ఎవరి ముందు కూర్చోవచ్చో, ఎవరి ముందు నిలబడాలో ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. మా మామగారిది పసుపు, బెల్లం, ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. మనిషి నిప్పు. తక్కెడ ముందు అబద్ధమాడడు, ఆచారం ముందు కన్నతండ్రినైనా క్షమించడు. ఆడపిల్లకు ఐదో తరగతి చాలునన్నది ఆయన సిద్ధాంతం. అది దాటితే చదువు తలకెక్కుతుందనీ, ఎక్కిన తల ఇక వంగదనీ అనేవాడు. ఆ ఏడు మునిసిపాలిటీ ఎన్నికలకు మా వార్డు టికెట్ ఆయన అడిగాడు. మా వార్డులో పార్టీ టికెట్ వచ్చిందంటే గెలిచినట్టే, ఆ తర్వాత జరిగేదంతా ఒట్టి లాంఛనం.

ఆయనకు పోటీగా అడిగినవాడు శనక్కాయల నూనెమిల్లు యజమాని, మా ఆయనకు వరసకు మేనమామ, అందుకని ఇంటిల్లిపాదికీ మిల్లుమామ. ఈయన నిప్పూ కాదు, నీళ్ళూ కాదు. ఏది అడిగినా కాదనడు, అలాగని అవుననీ అనడు. తెలుగువాళ్ళకు చూద్దామనీ, కన్నడంవాళ్ళకు నోడోణ అనీ, సాయిబులకు దేఖేంగే అనీ ఒక్క మాటనే మూడు భాషల్లో చెప్పి, ముగ్గురినీ నవ్వించి పంపేవాడు. మా వీధిలోని ఆడపిల్లల బడి ఐదుతో ఆగిపోకుండా ఎనిమిది దాకా పెంచుదామనీ, అయితే మగ అయ్యవార్లు వద్దనీ, మన ఇళ్ళలో చదువుకున్న ఆడవాళ్ళచేతే చెప్పిద్దామనీ ఆయన మాట. హైస్కూలు దాకా ఎందుకు పెంచకూడదని మాలాంటి కొత్తకోడళ్ళం కబురంపితే దానికీ చూద్దామే. అయినా మామగారి ఐదు పక్కన ఆయన ఎనిమిది మాకు చాలా పెద్ద అంకెగా కనబడింది. మా ఆయన సంగతి అడగకండి. ఒకవైపు తండ్రి, ఒకవైపు మేనమామ, తాను గోడమీద పిల్లి, ఆ వారమంతా దుకాణం వదిలి ఇంటికి రావడమే తగ్గించేశాడు.

చదువుకున్న ఆడవాళ్ళంటే, మా బజారు మొత్తానికి మెట్రిక్ పాసయిన ఆడమనిషి ఒక్కతే. ఆమె మా మామగారి కూతురే, నా ఆడబిడ్డ. అనంతపురంలో కాపురం ఉండగా మొగుడే దగ్గర కూర్చుని చదివించాడట. ఆయన జ్వరం వచ్చి పోయాక ఇరవై ఏళ్ళకే పుట్టింటికి తిరిగి వచ్చి, వంటింటికీ వెనక వసారాకూ మధ్య బతుకు వెళ్ళదీస్తూ ఉండేది. మధ్యాహ్నాలు మిరపకాయల తొడిమలు తీస్తూ నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పేది. తప్పు చెబితే కోప్పడేది కాదు, ఇంకోసారి అడిగేది, అంతే. కంటోన్మెంటులో టీచరు ట్రైనింగుకు పోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది. విధవబిడ్డ వీధిన పడి నడవడానికి వీల్లేదని మామగారు ఒక్క మాటతో తేల్చేశాడు. కూతురంటే ప్రేమ లేక కాదు, ఆమెకు ఇష్టమని అంజూరపళ్ళు కొని తెచ్చి, మాటా పలుకూ లేకుండా వంటింటి గూట్లో పెట్టి పోయే మనిషి. మిల్లుమామ గెలిస్తే బడి పెరుగుతుంది, ఆమెకు పని దొరుకుతుంది. మామగారు గెలిస్తే రెండూ లేవు. మా ఇంటికి సంబంధించినంతవరకు ఆ టికెట్ తగాదా అంతా ఇదే.

ఊరి పార్టీ పెద్దలు ఇద్దరిలో ఎవరినీ నొప్పించలేక, వార్డులో సభ్యత్వం ఉన్నవాళ్ళే తేల్చుకోండని చేతులు దులుపుకున్నారు. అసలు తమాషా ఇక్కడే ఉంది. సభ్యుల్లో తనదే పైచేయి కావాలని మామగారు అంతకుముందే మా ఇంటి ఆడవాళ్ళందరినీ, విధవలతో సహా, పార్టీలో చేర్పించి పెట్టాడు. ఆయన్ను చూసి మిల్లుమామా, మిల్లుమామను చూసి తతిమ్మా ఇళ్ళవాళ్ళూ అదే పని చేశారు. ఉత్త పేర్లే కదా అనుకున్నారు. ఇప్పుడా పేర్లన్నీ మనుషులై వచ్చి ఓటు వేయాల్సి వచ్చింది. చదువురానివాళ్ళు ఎక్కువ కనుక గుర్తులు పెట్టుకోమన్నారు. శుభమని మామగారు పసుపుకొమ్ము కోరుకున్నాడు, మిల్లుమామ శనక్కాయ అన్నాడు. ఓటు వేసే మనిషి రెండు పళ్ళేల దగ్గరా చేయి చాపి పసుపుకొమ్మొకటి, శనక్కాయొకటి అందుకుని, తెర వెనక్కు పోయి, కావలసినదాన్ని బిందెలో వేసి, వద్దన్నదాన్ని పక్కనున్న గోనెసంచిలో పడేసి రావాలి. మగవాళ్ళకు సత్రం ముందు సావిడి, ఆడవాళ్ళకు వెనక సావిడి. మా వైపు పసుపు పళ్ళెం అత్తగారూ, శనక్కాయల పళ్ళెం మిల్లుమామ భార్యా పట్టుకోవాలని కూడా ఒప్పందమైంది.

ఆ వారం రోజుల సంబరం ఏమని చెప్పను! ఎప్పుడూ గుడికీ పేరంటానికీ తప్ప గడప దాటని మేము, కుంకుమభరిణె చేతపట్టిన అత్తగారి వెనకాల ఇల్లిల్లూ తిరిగాం. మేము ఒక ఇంట్లోంచి బయటికి వస్తుంటే మిల్లుమామ భార్య అదే ఇంట్లోకి పోతూ ఎదురయ్యేది. ఇద్దరూ నవ్వుకుని, ఒకరి చీర ఒకరు మెచ్చుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. నా నోట్లో మామగారి పేరు, మనసులో మిల్లుమామ ఎనిమిదో తరగతి. వీధి చివర ఇంట్లో ఒక పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "ఏం కూర చేయాలని కూడా మా ఇంటాయన నన్ను ఒకనాడు అడిగిండలేదమ్మా, ఇప్పుడు మునిసిపాలిటీకి ఎవురు కావాలని అడుగుతాండారే" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు నాకూ అంటుకుంది. ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తున్నా, మామగారి ఎదుట పెదవులు బిగబట్టుకోవలసి వచ్చింది.

ఓటు వేసే రోజు పొద్దున నా ఆడబిడ్డ తెల్లచీర కట్టుకుని సిద్ధమవుతుంటే, పక్కన చేరి, నీ చేతిలో నీ బడి ఉంది, చూసి వేయి అని మెల్లగా అన్నాను. ఆమె నా వైపు తిరగనైనా తిరగలేదు. "నాయనకే వేస్తా వదినా. బడి ఈ ఏడు కాకపోతే ఇంకో ఏడు వస్తాది. ఓడిపోతే నాయన బజార్లో తలెత్తుకొని ఎట్ల తిరుగుతాడు?" అంది. నాకు ఒళ్ళు మండింది. నీకోసం నేను ఆరాటపడుతుంటే నువ్వేమో ఇలాగా అనిపించి, సత్రం దాకా ఆమెతో మాట్లాడలేదు.

సత్రం వెనక సావిడి కిటకిటలాడిపోయింది. మల్లెపూల వాసన, చంటిపిల్లల ఏడుపులు, నాకు ముందు వేయనీ అంటే నాకని తోపులాటలు. అత్తగారు వెండిపళ్ళెంలో పసుపుకొమ్ముల మధ్య కుంకుమ కూడా పెట్టి, వచ్చిన ముత్తైదువకల్లా బొట్టు పెట్టి మరీ కొమ్ము అందిస్తోంది. అంతా పేరంటం లాగానే సాగిపోయింది, విధవల వంతు వచ్చేదాకా. వాళ్ళలో ముందు నిలబడింది మిల్లుమామ అవ్వ. ఆవిడ చేయి చాపేసరికి మా అత్తగారి చేతిలోని పళ్ళెం దానంతట అదే వెనక్కు పోయింది. విధవకు పసుపుకుంకుమల పళ్ళెం ఎవరైనా చూపిస్తారా? అత్తగారు ఆలోచించి చేసింది కాదు, పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు. గుర్తులు పెట్టుకున్న మగవాళ్ళకు గానీ, వారం రోజులు ఊరు తిరిగిన మాకు గానీ ఒక్కరికైనా ఈ సంగతి తోచలేదు. అవ్వ అటూ ఇటూ చూసి, "మేము పసుపుకు పనికిరాము గానీ ఓటుకు పనికొస్తామంట" అని పెద్దగా అనేసి, శనక్కాయ ఒక్కటే పుచ్చుకుని తెర వెనక్కు పోయింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. మా బజారులో విధవలు అంతమంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది.

అందరి తర్వాత నా ఆడబిడ్డ వచ్చింది. కన్నతల్లి ఎదుట చేయి చాపి నిలబడింది. అత్తగారి చేతిలోని పళ్ళెం కొద్దిగా ముందుకు వచ్చినట్టే వచ్చి, ఇంతమంది చూస్తున్నారన్న భయంతో మళ్ళీ వెనక్కే పోయింది. ఆమె తల్లి ముఖంలోకి కాసేపు చూసి, చాపిన చేయి పక్క పళ్ళెం వైపు తిప్పి, శనక్కాయ తీసుకుని లోపలికి వెళ్ళింది.

లెక్క పెట్టేటప్పుడు సావిడి నడుమ ఒక పచ్చకుప్ప, ఒక గోధుమరంగు కుప్ప. మగవాళ్ళ బిందెలో పచ్చకుప్పే పెద్దది. మా బిందె ఒంపేసరికి రంగు తిరిగిపోయింది. మిల్లుమామ మనుషులు కేకలు పెట్టారు, ఎవరో డోలు తెప్పించారు. మామగారి పక్షం వాళ్ళు గోనెసంచిలో పారేసిన శనక్కాయలను పిల్లలు ఒలుచుకు తింటూ గంతులు వేశారు. నేనూ ఎగిరి గంతేసేదాన్నే, తెరచాటున నిలబడి చెంగు నోట్లో కుక్కుకున్నాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదంటే మా ఆయన ఆత్మ శాంతించదేమో గానీ, నిజం అదే.

ఏం జరిగిందో ఇంతలో మగవాళ్ళకు తెలిసింది. మామగారి స్నేహితులు ఆయన్ను చుట్టుముట్టి, ఇది చెల్లదందాం, విధవలకు కూడా కొమ్ములిప్పించి మళ్ళీ వేయిద్దామని పట్టుబట్టారు. మామగారు మాత్రం, "విధవల చేతిలో పసుపు పెట్టి గెలిచినాడని రేపు బజార్లో అనిపించుకుంటానా? ఇర్లి బిడప్పా, పోనీండి" అని కండువా దులుపుకుని లేచాడు. ఆ పంతం మీద నాకు ఎంత కోపమున్నా, ఆ మాటకు మాత్రం ఆయనంటే గౌరవం పెరిగింది.

ఇంటికి వచ్చాక కూతుర్ని పిలిచాడు. నువ్వూ శనక్కాయే వేస్తివా అమ్మా అని అడిగాడు. ఆమె తలవంచుకునే, "నా చేతికి ఇచ్చిందే వేసినా నాయనా" అంది. అత్తగారు కొంగులో ముఖం దాచుకుని, అది చేయి చాపింది మీ కొమ్ముకే, నేనే ఇయ్యలేదని వెక్కివెక్కి ఏడ్చింది. మామగారు ఆ పూట అన్నం తినలేదు. ఆ మాట ఆయన్ను ఎక్కడ తాకిందో నేను చెప్పలేను గానీ, బడి ఎనిమిదికి పెరిగి, ట్రైనింగు మాట మళ్ళీ వచ్చినప్పుడు ఆయన అవుననలేదు, కాదనలేదు. పొద్దునే జట్కా పిలిపించి, కూతురు ఎక్కాక తానూ ఎక్కి, కంటోన్మెంటు దాకా పోయి దింపి వచ్చాడు. అది ఒకరోజుతో ఆగలేదు, ట్రైనింగు అయిపోయేదాకా సాగింది. దారిలో ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకునేవారు కాదట.

ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు కాలేజీలకు స్కూటర్ల మీద పోతున్నారు, భర్త పోయినవాళ్ళు బొట్టు పెట్టుకుని ఆఫీసులకు పోతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. అంతా మంచికే మారిందని రాసి ముగించాలనే ఉంది. కానీ ఎవరిని నిలబెడదామని మా బజారు ఇళ్ళ గడపల్లోకి వచ్చి, కూర్చుని, మజ్జిగ తాగి, మా నోటి మాట కోసం ఎదురు చూసినవాళ్ళను మళ్ళీ నేను చూడలేదు. కావలసినవాడూ వద్దన్నవాడూ మా ఊళ్ళోవాళ్ళే, మా కళ్ళెదుట తిరిగేవాళ్ళే అయి ఉండడంలో ఎంత ఉత్సాహం ఉండేదో ఎవరికని చెప్పను?

ఆ మధ్యాహ్నమే కంటోన్మెంటులో ఉన్న నా ఆడబిడ్డకు ఫోను చేసి టికెట్ సంగతి చెప్పాను. ఎంతమందికి చదువు చెప్పిందో లెక్కలేదు, గొంతులో ఆ అయ్యవారమ్మ దర్జా ఇప్పటికీ పోలేదు. మనల్ని ఎవురన్నా అడిగినారా వదినా అంది. లేదన్నాను. "అయితే ఊరంతా నా మాదిరే అయిపోయింది, చేతికి ఇచ్చిందే వేయాల" అంది.