నాలుగో చుట్టు, ప్రెషర్ కుక్కర్

ఆ రోజుల్లో నాకు బ్రేకులంటే చిన్నచూపు. వయసు అలాంటిది. ఆగేవాడు పిరికివాడనీ, ఆగనివాడు మొనగాడనీ అనిపించే వయసు. దానికి తగ్గట్టే జహీరాబాద్‌లో నాకు దొరికిన ఆట కూడా బ్రేకుల్లేని ఆటే. దాని అసలు పేరు స్పీడ్‌వే అని మా ఉస్తాద్ చెప్పేవాడు కానీ, మా దగ్గర అందరూ మట్టి రేసు అనేవాళ్లు. కోడిగుడ్డు ఆకారంలో ఎర్రమట్టి బాట, నాలుగు బండ్లు, నాలుగు చుట్లు. తిరగడమంతా ఎడమకే. మలుపు దగ్గర వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ఎడమ కాలు నేలకు ఆనించి, మట్టి ఎగజిమ్ముకుంటూ పోవాలి. బండికి బ్రేకులు పెట్టరు (పెడితే ముందువాడు తొక్కుతాడు, వెనకవాడు దవాఖానకు పోతాడు). కాలు అరిగిపోకుండా ఎడమ బూటుకు అడుగున ఇనుప రేకు వేయించుకునేవాళ్లం. ఆ బూటుతో గచ్చు మీద నడిస్తే ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టంగుమని పడేది. ఆ చప్పుడుకు ఏ పిల్లయినా తలెత్తి చూడకపోతుందా అని నేను బజారులో కూడా ఆ బూటుతోనే తిరిగాను. తలెత్తి చూసినవి కుక్కలు మాత్రమే.

మా ఉస్తాద్ బైకుల మెకానిక్. వయసులో ఉన్నప్పుడు పుణె వైపు పనిచేసి, అక్కడ ఈ ఆట చూసి, మనసు పారేసుకొని వచ్చినవాడు. పాత బండ్లకు అద్దాలు, లైట్లు, బ్రేకులు అన్నీ ఊడబీకి రేసు బండ్లు తయారుచేసేవాడు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన వాళ్ల బావమరిది అల్లం తవ్విన చెలక ఒకటి ఖాళీగా ఉంటే, ట్యాంకరుతో నీళ్లు కొట్టించి, మలుపుల్లో చెరుకు చెత్త మోపులు పేర్చి, ఎండాకాలం అంతా అక్కడ రేసులు పెట్టేవాడు. చూడటానికి ఎవరొచ్చేవాళ్లు? గట్టు మీద బీడీలు కాల్చుకునే పెద్దమనుషులు, హైవే మీద లారీ ఆపుకొని నడుం వాల్చే డ్రైవర్లు. రైడర్లు కూడా అంతే. నేను తప్ప అందరూ రేసు అయ్యాక నడుముకు జండూబామ్ రాసుకునేవాళ్లే. బీదర్ నుంచి వచ్చే ఛాంపియన్‌ను తుఫాన్ అని పిలిచేవాళ్లం. ఆ తుఫాన్ బండి దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

నేను అప్పుడు ఒక బైకుల షోరూంలో కొత్తగా పనిలో చేరాను. మా సేఠ్‌కు ఒకరోజు ఈ రేసు మీద కన్ను పడింది. యువకులు వస్తే తన బండ్లు అమ్ముడుపోతాయని ఆయన లెక్క. నన్ను పిలిచి కూర్చోబెట్టి, "అరె, నువ్వే యూత్ గదా. జర దిమాగ్ పెట్టు. గిసొంటి ఆటకు పొరగాండ్లు ఎందుకు వస్తలేరు, ఎట్ల రప్పియ్యాలె" అన్నాడు. నా జీవితంలో నన్ను సలహా అడిగిన మొదటి మనిషి ఆయన. ఆ గౌరవానికి నేను ఆరిపోని దీపంలా వెలిగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో పడుకుని ఉంటే రేసు బతికేదని అనిపిస్తుంది.

మొదట ఉచితంగా నేర్పిస్తామని చెప్పాం. మొగుడంపల్లి నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. బండి చుట్టూ తిరిగి చూశారు. హారన్ లేదా అన్నారు. లేదన్నాను. లైటు? లేదు. వెనక సీటు? లేదు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "వెనక ఎవలు కూసోకపోతె గింత కష్టపడి నడుపుడు ఎందుకన్నా" అని ఒకడు ఎంతో మర్యాదగా అడిగాడు. నేను ఉన్న ఒక్క సీటును తుడవడం మొదలుపెట్టాను. తర్వాత సెల్ఫీ తీసుకునే బోర్డు పెట్టించాను. కుర్రాళ్లు దాని మీది రెక్కల బొమ్మ ముందు నిలబడి ఫోటోలు దిగి, రేసు మొదలుకాకముందే వెళ్లిపోయారు. తర్వాత డీజే. చెవులు పగిలే పాటలకు కుర్రాళ్లు వచ్చి ఎగిరారు గానీ, ఎగిరినంతసేపూ ట్రాక్‌కు వీపు చూపించారు. పాటల కోసం రేసుల సంఖ్య తగ్గించాం. పెద్దమనుషులు ఆ మోతకు తలనొప్పి అంటూ రావడం మానేశారు. ఉస్తాద్ అన్నీ చూస్తూ, స్పానరు తుడుచుకుంటూ, ఒక్క మాట అనేవాడు కాదు. ఆయన మౌనాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక్కడ మా నాయిన గురించి చెప్పాలి. ఆయన బస్సు డ్రైవరు. ఆయనకు దేవుడి తర్వాత బ్రేకే. ఇంట్లో అన్నం తింటూ కూడా ఎక్కడ ఎవరు ఎట్లా అడ్డం వచ్చారో, తాను ఎంత మెత్తగా ఆపాడో చెప్పేవాడు, నిలబడ్డ ముసలమ్మ కూడా తూలలేదని. కొడుకు బ్రేకులు ఊడబీకిన బండి మీద గుండ్రంగా తిరుగుతున్నాడని తెలిసిన రోజు ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "తోలుడు ఎవడైన తోల్తడు బిడ్డా. ఆపుడు రావాలె" అన్నాడు. అంతే, ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆయన బస్సు మా ట్రాక్ పక్కనుంచే పోయేది. కిటికీల్లోంచి ప్రయాణికులంతా తొంగి చూసేవాళ్లు. నాయిన మాత్రం రోడ్డు మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. నేను మాత్రం ఆ బస్సు వచ్చే వేళకు ఏదో ఒక సాకుతో బండి స్టార్ట్ చేసి మలుపులో మట్టి లేపేవాణ్ని. సేఠ్‌కు యువకులు కావాలి, ఉస్తాద్‌కు ఆట కావాలి. నాకు కావలసింది ఆ ఒక్క డ్రైవరు తల ఒక్కసారి పక్కకు తిరగడం.

చివరికి నా బుర్రలోంచి లక్కీ డ్రా పుట్టింది. గేటు దగ్గర అందరికీ ఉచితంగా కూపన్. బహుమతులు సేఠ్‌వి: మిక్సీ, ఫ్యాను, ప్రెషర్ కుక్కర్. ఫైనల్ రేసు అయ్యాకే డ్రా. పైగా ఒక షరతు పెట్టాను. నంబరు పిలిచినప్పుడు మనిషి అక్కడే ఉండాలి, స్టేజీ ఎక్కి కూపన్ చూపించాలి. లేకపోతే ఇంకో నంబరు తీస్తారు. అలా అయితే చచ్చినట్టు చివరిదాకా కూర్చుంటారని నా తెలివి. సేఠ్ నా భుజం తట్టి, "నీ దిమాగ్‌కు సలాం" అన్నాడు.

ఆ ఆదివారం జనం పోటెత్తారు. యువకులే కాదు, రాయికోడ్ నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలే ఆటోల్లో దిగాయి. ఆ జనంలో, ఆఖరి మలుపు దగ్గర ముందు వరుస కుర్చీలో, తెల్ల చొక్కా వేసుకొని మా నాయిన కూర్చున్నాడు. బూటు తొడుక్కోవడం మరిచిపోయి బండెక్కితే ఉస్తాద్ దింపి తొడిగించాడు. "మీ నాయిన వచ్చిండు. ఇగ నువ్వు గెలువకున్నా ఫికర్ లేదు" అన్నాడు. కానీ నాకు గెలవాలనే ఉంది. నాయిన చూస్తుండగా గెలవాలి.

ఫైనల్‌కు వరుస కట్టేసరికి కర్ణాటక వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. వాన పడితే జనం వెళ్లిపోతారని సేఠ్‌కు గుబులు పుట్టింది. రేసు నడుస్తుండగానే డ్రా తీయమని మైకు పట్టుకున్నవాడికి చెప్పాడు. ఆ సంగతి మాకు తెలియదు. జెండా ఊగింది, నలుగురం దూకాం. మొదటి మలుపులోనే ఒకాయన చెరుకు చెత్తలోకి దూరిపోయాడు. ఇంకొకాయన బండి చైను తెగింది. మిగిలింది ముందు తుఫాన్, వెనక ఆయన లేపిన మట్టి తింటూ నేను. మొదటి చుట్టులో చూశాను, నాయిన చేతులు కట్టుకొని కూర్చున్నాడు. రెండో చుట్టులో కుర్చీ అంచుకు జరిగాడు. మూడో చుట్టులో లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాచి, కుడి కాలితో నేలను బలంగా తొక్కుతున్నాడు. నా కోసం బ్రేకు వేస్తున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. కళ్లద్దాల లోపల ఏడిస్తే ఏమీ కనపడదని ఆ రోజు తెలుసుకున్నాను. నాలుగో చుట్టులో ఆఖరి మలుపుకు ముందు తుఫాన్ లోపలి అంచు పట్టుకున్నాడు. నేను బయటివైపు, నీళ్లు నిలిచిన మెత్తటి మట్టి మీదికి వెళ్లి, బండిని అడ్డంగా జార్చి, ఆయన పక్కనుంచే దాటేశాను. దాటుతూ ముందు వరుస చూశాను.

కుర్చీ ఖాళీగా ఉంది.

ముందు వరుస మాత్రమే కాదు, మైదానమంతా స్టేజీ వైపు తిరిగి నిలబడింది. జెండా పట్టుకున్నవాడు కూడా జెండా చంకలో పెట్టుకొని తన కూపన్ నంబరు చూసుకుంటున్నాడు. నేను గీత దాటాను. ఆపడానికి బ్రేకుల్లేవు గనుక ఊరికే ఇంకో చుట్టు తిరిగాను, ఎవరైనా చూస్తారేమోనని. స్టేజీ మీద మా నాయిన రెండు చేతులా కుక్కర్ అందుకుంటున్నాడు. సేఠ్ పక్కన నిలబడి ఫోటో దిగాడు. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. నేను కోరుకున్న చప్పట్లన్నీ మా ఇంటికే వచ్చాయి, కాకపోతే కుక్కర్‌కు వచ్చాయి. ఇంతలో వాన మొదలైంది. మైకువాడు మూడో చుట్టు దాకా చూసిన లెక్కన విజేత తుఫాన్ అని చెప్పేశాడు. ఉస్తాద్ తడుస్తూ స్టేజీ దగ్గరికి పోయి, గెలిచింది మావోడు అని మొత్తుకున్నాడు. సేఠ్ కారు అద్దం సగం దించి, "పబ్లిక్ పోయింది ఉస్తాద్. ఇప్పుడు మారిస్తె ఎవలు చూస్తరు" అన్నాడు. తుఫాన్ కప్పు తీసుకొని నా మొహం చూడకుండా బీదర్ బస్సెక్కాడు.

ఇంటికి పోయేటప్పుడు నా మామూలు బండి మీద (దానికి బ్రేకులున్నాయి) నాయిన వెనక కూర్చున్నాడు, మా ఇద్దరి మధ్య కుక్కర్ డబ్బా. కుక్కర్ కోసం కూర్చొని రమ్మని అమ్మే పంపిందని నాకు అప్పటికే అర్థమైంది. ఊళ్లోకి వచ్చాక ఆయనే అన్నాడు.

"మూడు చుట్లు చూసిన. నాలుగోదానికి మన నంబరు పిలిచిన్రు. మనిషి లేకపోతె ఇయ్యరంట. గా రూలు ఏ తలకాయ తక్కువోడు పెట్టిండో."

ఆ తలకాయ తక్కువవాడు ఎవడో నేను చెప్పలేదు. గెలిచాను అని మాత్రం అన్నాను. ఆయన కుక్కర్ డబ్బా సర్దుకుంటూ, మైకుల వేరే పేరు చెప్పిన్రు గద బిడ్డా అన్నాడు. అబద్ధం ఆడుతున్నానని అనలేదు. నిజమేనని కూడా అనలేదు. కళ్లతో చూడనిది చెప్పే అలవాటు ఆయనకు లేదు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. కొత్త కుక్కర్‌లో వండిన అన్నం మరి.

మరుసటి ఎండాకాలం సేఠ్ లక్కీ డ్రా మాత్రమే పెట్టాడు, రేసు తీసేశాడు. జనం ఇంకా ఎక్కువ వచ్చారు. ఉస్తాద్ నన్ను తిట్టలేదు. ఒక్కసారి మాత్రం, టీ తాగుతూ, "పొరగాండ్లను పిలుద్దమని పోయి రేసునే ఎల్లగొట్టినం" అన్నాడు. 'ఎల్లగొట్టినం' అన్నాడు, 'ఎల్లగొట్టినవ్' అనలేదు. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ చెలకలో ఇప్పుడు ఒక దాబా ఉంది, దాని ముందు రెక్కల బొమ్మ బోర్డు కూడా ఉంది. అది మాత్రం బతికింది.

పోయిన నెల నలుగురు కుర్రాళ్లు మా ఇంటికి వచ్చారు. మట్టి రేసు మళ్లీ మొదలుపెడతారట. పాత అనుభవం ఉన్నవాణ్నని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పొట్ట మీద చెయ్యి వేసుకొని నేను చాలా గంభీరంగా కూర్చున్నాను. మా వయసువాళ్లు రావాలంటే ఏం చేయాలన్నా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వాళ్లే చెప్పారు: లక్కీ డ్రా పెడదామనుకుంటున్నామని. నేను ఏదో అనబోయేలోపు లోపలి గదిలోంచి నాయిన బయటికి వచ్చాడు. రిటైరై చాలా ఏళ్లయింది, మోకాళ్లు పట్టేశాయి. రేసు అన్న మాట ఆయన చెవిన పడింది. కుర్రాళ్లను ఎగాదిగా చూసి, "నేను గుడ వస్త. ముంగట కుర్చీ ఏయున్రి" అన్నాడు. వాళ్లు సంతోషంగా తలలూపారు. ఆయన గుమ్మం దాకా పోయి మళ్లీ తిరిగాడు.

"గని నాకు కూపన్ ఇయ్యకున్రి."

కుర్రాళ్లకు అర్థం కాక నావైపు చూశారు. నేను లేచి, మంచం కింద వెతికి, తుప్పు పట్టిన ఇనుప అడుగున్న ఆ ఎడమ బూటు తెచ్చి వాళ్లకిచ్చాను. ఒకడు తొడుక్కొని వరండాలో అటూ ఇటూ నడిచాడు. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టంగుమని పడింది. వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఇప్పుడు నేను తిరిగే స్కూటీకి రెండు బ్రేకులున్నాయి, రెండూ చక్కగా పడతాయి. ఆ ఫైనల్ రోజు ఎవరైనా చూస్తారేమోనని ఇంకో చుట్టు తిరిగిన ఆ పిచ్చివాడు గుర్తొచ్చి, కుర్రాళ్లు వెళ్లాక ఆ సాయంత్రం వీధి మలుపులో స్కూటీ తిప్పుతూ నేను ఒక్కణ్నే నవ్వుకున్నాను.