కొలనూలుకు రెండో కొస

కరోనా ఆంక్షలు పోయాక, గల్ఫ్‌లో సజ్జా అనే చోట మా కంపెనీ క్యాంపు మెస్‌లో ఆదివారం ప్రార్థన కూడిక మళ్లీ మొదలైంది. కాకినాడ వైపు నర్సు అక్క ఒకామె, ఆస్పత్రిలో డ్యూటీ లేనప్పుడల్లా బిర్యానీ తెచ్చేది. కూడికలో కూడు ఉంది కనుక వేరే దేవుళ్లను నమ్మేవాళ్లు కూడా వచ్చేవారు. వాక్యం చెప్పే పని నాది. ఆఫీసులో ఏసీ కింద ఇంజినీర్ల ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి. సృష్టి గురించి మాట్లాడడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆ వారం ప్రాచీన యూదుల జ్ఞానగ్రంథాల్లోని సృష్టిని ఎత్తుకున్నాను. అక్కడ దేవుడు అచ్చం మేస్త్రీ. భూమికి పునాది వేస్తాడు, కొలనూలు, అంటే కొలత దారం, లాగుతాడు, సముద్రానికి తలుపులు పెట్టి గడియ బిగిస్తాడు. "అన్నీ ఒక్కడే, ఎవరి సాయమూ లేకుండా!" అని బల్ల గుద్దాను.

వెనక వరసలోంచి జగిత్యాల వైపు తాపీమేస్త్రీ, నాకన్నా పెద్దాయన, లేచాడు.

"సార్, నూలు ఒక్కలు గుంజితె యాడ నిలుస్తది? ఆ కొసకు ఇంకొకలు ఉండాలె గద."

"దేవుడికి కూడా నీలాంటి హెల్పర్ కావాలా, కాకా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నాడు.

గదికెళ్లి తిరగేస్తే, ఆ గ్రంథాల్లోనే మరోచోట, దేవుడు అగాధం మీద వలయం గీస్తుంటే జ్ఞానం ఆయన పక్కనే ఉంది, పనిలో తోడుగా, సంబరపడుతూ. ఎన్నిసార్లు చదివానో. చదివాను గానీ చూడలేదు.

తర్వాతి ఆదివారం అదే చెప్పాను: నూలుకు రెండో కొస జ్ఞానం చేతిలో ఉందని. అక్క కళ్లు తుడుచుకుంది.

"ఆ రెండో కొస మాట నీకెలా తట్టింది తమ్ముడూ?"

"ప్రార్థనలో, అక్కా."

వాక్యం చెప్పినవాడికే మొదటి ప్లేటు, అది మా ఆనవాయితీ. ఆ రోజు లెగ్ పీసు కూడా పడింది. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది.

భోజనాలయ్యాక మేస్త్రీ కింద పరిచిన టార్పాలిన్ ఎత్తుతూ పిలిచాడు. "యల్లా, రండ్రి సార్, జర ఆ కొస పట్టుండ్రి."

పట్టుకున్నాను. నాలుగడుగుల దూరంలో అక్క గిన్నెలు సర్దుతోంది.

"ఆ మాట మీదే, కాకా," అన్నాను, ఆమెకు వినబడనంత మెల్లగా.

"నాకెర్కే సార్. గట్టిగ గుంజుండ్రి, మెతుకులు రాలాలె."

గుంజాను. అక్క గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.