కుట్టని మూల

ఆత్మకూరులో ఏంజెలిన్ టీచరు అంటే డ్రాయింగు చెప్పే టీచరు అని కొందరికే తెలుసు. పేర్ల పిచ్చి టీచరమ్మ అంటే అందరికీ తెలుసు. 1990 నుంచి ఏటా వేసవి సెలవుల్లో ఆమె చర్చి పక్కనున్న హాలు అడిగి తీసుకుని, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు చేసినవన్నీ తెచ్చి జనానికి చూపించేది. ఉదయగిరి చెక్క గరిటెలు, ఎరుకలవాళ్ల బుట్టలు, ఈతచాపలు, బొంతలు. ఒక్కోదాని కింద ఒక అట్టముక్క, దానిమీద చేసిన మనిషి పేరు లావు అక్షరాల్లో ఉండేది. ఫలానా ఆయన భార్య అని రాయమంటే రాసేది కాదు.

"గరిటెకి పేరేంది టీచరమ్మా? పప్పు తిప్పేటప్పుడు అది పేరడగదు గదా!" అన్నాడు పాస్టరు డేవిడ్‌రాజు.

"మీరు వాక్యం చెప్పేముందు మైకులో మీ పేరు చెప్పిస్తారు గదా అయ్యగారూ. వాళ్లకి మైకు లేదు," అంది ఏంజెలిన్.

 పాస్టరు హాలు తాళంచెవి మాత్రం ఏటా ఇచ్చాడు. మొదటి ఏడు చూడ్డానికి వచ్చింది పదకొండు మంది. అందులో నలుగురు ఎండకు తాళలేక నీడకొచ్చినవాళ్లు. అయినా పట్టిన పట్టు విడిచే మనిషి కాదామె.

1996లో ఆ పట్టుకి ఫలం దక్కేలా కనిపించింది. హైదరాబాదులో జరిగే పెద్ద ప్రదర్శనకి ఈ హాల్లోంచి ఒక్క వస్తువును తీసుకుపోతామని, చంద్రశేఖర్ అనే ఆఫీసరు ఉత్తరం రాశాడు. ఏంజెలిన్ మనసు వెంటనే చెంచమ్మ బొంత మీదికి పోయింది. చెంచమ్మది వరికుంటపాడు అవతల పల్లె, గొర్రెలు కాచే ఇల్లు. ఆమె బొంత కోసం టీచరు మూడేళ్లుగా బస్సెక్కి తిరుగుతూనే ఉంది. పాతచీరల ముక్కలే, కానీ ఎరుపు పక్కన నలుపు ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలుసు. అది హైదరాబాదు పోతే, ఇన్నేళ్ల తన తిరుగుడుకి అర్థం ఉన్నట్టేననుకుంది ఏంజెలిన్.

"ఈసారి ఇస్తా. మళ్లా ఇంటికి తెచ్చియ్యాల," అని చెంచమ్మ ఎట్టకేలకు ఇచ్చింది.

తెచ్చి పరిచి చూస్తే, ఒక మూల జానెడు మేర కుట్టు లేదు. తను తొందరపెట్టడం వల్ల పని మిగిలిపోయింది కాబోలనుకుంది ఏంజెలిన్. అదే రంగు దారం వెతికి, ఎక్కడ అతికిందో తెలియనంత బాగా ఆ మూల కుట్టేసింది. తన పనితనానికి కొంచెం మురిసిపోయింది కూడా.

ఎంపిక రోజు చెంచమ్మ మొదటి బస్సుకే దిగింది. ఆఫీసరు అప్పటికే హాల్లో ఉన్నాడు. ఆమె బొంత అంచు వెంట చెయ్యి పోనిస్తూ వచ్చి, ఆ మూల దగ్గర ఆగిపోయింది.

"దీన్ని మూసిందెవురు?"

"నేనే చెంచమ్మా. పని మిగిలిపోయిందని..."

"మిగిలిపోలా. మిగిల్చినాను. మా అత్త పోయినాక ఆమె చీరముక్క ఈ మూల్లోంచే లోపలికి పోయినాది. వాళ్లత్తదీ అంతే. ఇంక పోవాల్సింది నాది. నువ్వు మూసేస్తే నేను యాడికి పోవాలమ్మా?"

 ఆడవాళ్లకి చోటిప్పిస్తున్నానని ఏంజెలిన్ ఇన్నేళ్లు ఊరంతా చాటుకుంది. ఉన్న చోటు తన చేత్తోనే కుట్టేసినందుకు తల కొట్టేసినట్టయింది.

"కుట్టు అట్లనే ఉండనియ్యండి మేడం. విప్పితే సగంపని కిందికొస్తాది, మావాళ్లు ఒప్పుకోరు," అన్నాడు చంద్రశేఖర్.

ఏంజెలిన్ డ్రాయింగు పెట్టెలోంచి బ్లేడు తీసుకుని నేలమీద కూర్చుంది. తను వేసిన కుట్లు ఒక్కొక్కటే కోసింది. చంద్రశేఖర్ బొంతకి బదులు ఉదయగిరి గరిటె ఒకటి తీసుకుపోయాడు. దాని అట్టముక్క కూడా అడిగి తీసుకున్నాడు, అది కొంత నయం.

బొంత కింద చెంచమ్మ పేరు పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "లోపల ఉండేవాళ్ల పేర్లు రాయి. కామమ్మ, రవణమ్మ. నేనింకా లోపలికి పోలా గదా, నా పేరిప్పుడే ఎందుకు?"

చేసిన మనిషి పేరు లేకుండా అట్ట రాయడం ఏంజెలిన్‌కి అదే మొదలు. మనసొప్పకపోయినా రెండు పేర్లూ రాసింది. కింద మాత్రం చోటు వదిలింది.

1999 వేసవిలో చెంచమ్మ కోడలు వెంకమ్మ ఆ బొంత మోసుకొచ్చింది. మూల దగ్గర పచ్చచీర ముక్క కొత్తగా కనిపిస్తోంది. మూల మాత్రం కుట్టకుండా అట్లానే వదిలారు.

"మా అత్త ఉగాది ముందర పోయినాది. ఇంక పేరు రాసేయమని నీకు చెప్పమనింది," అంది వెంకమ్మ.

ఏంజెలిన్ పెట్టె అడుగు నుంచి పాత అట్ట వెతికి తీసి, రెండు పేర్ల కింద చెంచమ్మ అని లావుగా రాసింది. వెంకమ్మకి చదువు రాదు. అయినా వంగి, మూడో పేరు కింద మిగిలిన జాగా వేలితో కొలిచి చూసుకుంది.

"చాల్లే టీచరమ్మా, నాకు సరిపోతాది," అంది.