తాటిబెల్లం డబ్బా

అమ్మకి షుగర్ అని తేలిన రోజు నుంచి మా ఇంట్లో పోలీసుని నేనే. పంచదార సీసా నా బీరువాలోకి వెళ్ళింది. టీలో పోసే తియ్యటి డబ్బాపాలు కొనడం మానేశాను. మేడ కింద టీకొట్టతనికి, అమ్మ ఎంత బతిమాలినా తియ్యటి టీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పి వచ్చాను. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని, కొలతల పట్టింపు ఎక్కువ. అన్నం కూడా గిన్నెతో కొలిచే పెట్టేదాన్ని.

ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు. యాంగోన్‌లో భోజనం అయ్యాక పాలూ పంచదారా లేని వేడి టీ, దాంతో నంజుకోడానికి ఓ తాటిబెల్లం ఉండ ఉండాల్సిందే. బర్మావాళ్ళ అలవాటే గానీ, మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాక మాదీ అయిపోయింది. పైగా మా వాళ్ళ లెక్కలో తాటిబెల్లం మిఠాయి కాదు, మందు. దగ్గుకి అదే, బాలింతకి అదే, ఎండదెబ్బకీ అదే. చెట్టు నుంచి వచ్చింది మనిషికి చెరుపు చెయ్యదని నేనూ నమ్మాను. పంచదార మాన్పించానన్న జాలితో, పూటకి రెండు ఉండలు నా చేత్తోనే అమ్మ అరచేతిలో పెట్టేదాన్ని.

"తిను, దీంతో నీకేటీ అవదు" అనేదాన్ని. అమ్మ నా మొహంలోకి ఓసారి చూసి బుగ్గన పెట్టుకునేది.

కొత్త చెప్పు ఒరుసుకుని అమ్మ కాలి బొటనవేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. డాక్టరు వేలు చూశాడు, రక్తపరీక్ష కాగితం చూశాడు. వచ్చే నెలకి షుగర్ తగ్గకపోతే వేలు తీసెయ్యాల్సి రావచ్చన్నాడు. అమ్మ సరేనన్నట్టు తలూపింది.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది, అదో రోగం. అమ్మ దొంగతనంగా తింటోందని తేల్చేసుకున్నాను. తలగడ కింద వెతికాను. చీరల మడతలు విప్పి చూశాను. టీకొట్టతన్ని మళ్ళీ నిలదీశాను. చివరికి అమ్మ మీద పడ్డాను.

"ఏటి తిన్నావో నిజం సెప్పు."

"ఏటీ తిన్నేదే."

"తినకపోతే ఎందుకు తగ్గడం నేదు? గుడిలో పెసాదం తింటన్నావా?"

"సేతిలో ఎడితే వద్దంతానేటి? కళ్ళకద్దుకుని పక్కావిడికి ఇచ్చీసినాను."

నమ్మలేదు. శనివారం గుడి కూడా మాన్పించాను. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లోనే పుట్టి పెరిగిన మనిషిని, డెబ్బై దాటినావిడని, సొంత వీధిలోకి వెళ్ళొద్దన్నాను. ఆ శనివారం అమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. భోజనం అయ్యాక ఎప్పటిలాగే రెండు ఉండలు పెట్టాను.

ఆ మరుసటి వారం కట్టు మార్పించడానికి వెళ్ళాం. నర్సు బర్మా అమ్మాయి, అమ్మని వాళ్ళ భాషలో "అమే", అమ్మా అని నోరారా పిలుస్తుంది. అమ్మ రోజూ ఏం తింటుందో ఒక్కొక్కటే చెప్పమంది. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గొప్పగా చెప్పుకొచ్చాను. ఇంత అన్నం, ఇంత కూర, టీలో పంచదార లేదు, మిఠాయి లేదు, తాటిబెల్లం మాత్రం రోజుకి నాలుగు ఉండలు.

ఆ పిల్ల రాయడం ఆపేసింది. "అక్కా, పంచదార ఎంత చేటో అదీ అంతే కదా."

"అది తాటిచెట్టుది."

"చెరకు మాత్రం మొక్క కాదా అక్కా?"

ఎగతాళిగా అనలేదు. చాలామంది ఇలాగే పొరబడతారని కూడా చెప్పింది. అయినా నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఇంటికి సైకా రిక్షాలో వచ్చాం. అందులో ఇద్దరూ వీపులు ఆనించుకుని కూర్చోవాలి. అమ్మ మొహం కనబడకపోవడమే నయమనిపించింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. నా చేత్తో నేనే అమ్మ వేలి మీదికి తెచ్చాను.

ఇంటికి రాగానే పారేద్దామని బెల్లం డబ్బా తీశాను. అప్పుడు తట్టింది.

"అమ్మా, ఇదీ చెరుపేనని నీకు తెల్దా?"

"బుగ్గన ఎట్టుకునేది నేనే కదే. తెల్దేటి?"

"మరి సెప్పవేటి? వేలు పోయీది కదా!"

అమ్మ కట్టు కట్టిన కాలు పీట మీద సర్దుకుంది. "లేచింది మొదలు తిడతావు. నువ్వు తిట్టకుండా ఎట్టేది అదొక్కటే. ఎలగ వద్దంతాను?"

డబ్బా మూత బిగించి, బీరువాలో పంచదార సీసా పక్కన పెట్టేశాను.

అమ్మ వేలు దక్కింది. ఆ నెలలో షుగర్ దిగింది, పుండు మెల్లగా మానింది. శనివారాలు గుడికి నేనే తీసుకెళుతున్నాను. డాక్టర్ని అడిగి, ఆదివారం భోజనం అయ్యాక చింతగింజంత బెల్లం పెడుతున్నాను. దాన్ని బుగ్గన దాచుకుని అమ్మ రెండు కప్పుల టీ తాగుతుంది. మిగతా ఆరు రోజులూ ఉత్త టీయే. కప్పు చేతికిచ్చి, తాగేదాకా పక్కనే కూర్చుంటాను.

అన్ని రోజులూ నా నోరు ఊరుకోదు. అన్నం ఎక్కువ తిన్నావనో, మందు మర్చిపోయావనో మొదలెడతాను. అమ్మ కప్పు కింద పెట్టి, బెల్లం పెట్టమన్నట్టు అరచెయ్యి చాపుతుంది. నేను నోరు మూసుకుని ఆ చెయ్యి పట్టుకుంటాను.