నోరు మూసుకున్న రాకుమారుడు

మా అవ్వకు ఒక పాత జానపద సినిమా అంటే ప్రాణం. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం మా వైపు. రాకుమారుడు తోటమాలి వేషంలో రాకుమారి కోటలో చేరి, మాటకో పాట పాడతాడు. పెళ్లయిన కొత్తలో బాపు ఆమెకు సిరిసిల్లలో చూపించిన మొదటి సినిమా అది. ఇప్పటికీ టీవీలో వస్తే మా ఇంట్లో పొయ్యి మీద కూర మాడాల్సిందే.

ఫోనుతో చిన్న సినిమాలు తీసే పిచ్చి నాది. అవ్వ దాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు. అందుకే పోయిన ఏడాది ఆమె సినిమానే ఈ కాలం పద్ధతిలో తీసి, ఆమెతో ఒక్కసారి 'మంచిగుంది' అనిపించుకోవాలని పంతం పట్టాను.

కోట బదులు సాంచాల షెడ్డు పెట్టాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ముసలివాడైన రాకుమారుడు అక్కడ కూర్చుని పాత ప్రేమను తలుచుకుంటాడు. హీరో బాపే. పాత పాటలే ఆయనతో పాడించి, ముందే రికార్డు చేశాను. తీరా కెమెరా పెట్టగానే ఆయన చేతులు చాపి గొంతెత్తాడు.

"బాపూ, నోరు మెదపకు. ఇప్పటి సినిమాలల్ల హీరోలు పాడరు. పాట ఎనుక నుంచి వస్తది, నువ్వు ఊకె చూస్తుండు."

"పాడకుంటే ప్రేమున్నదని ఆమెకెట్ల తెలుస్తది బిడ్డా?"

"కండ్లల్ల తెలుస్తది."

"నా కండ్లల్ల శుక్లాలున్నయి."

అయినా నా మాటే నెగ్గింది. బాపు టీ తాగుతూ కిటికీలోంచి చూస్తుంటాడు, వెనక పాట నడుస్తుంటుంది. నాకైతే కళాఖండంలా కనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం అవ్వను టీవీ ముందు కూర్చోబెట్టాను. చివరిదాకా చూసి, "పాటలేవి?" అంది.

"మూడున్నయి కదవ్వా!"

"యాడున్నయి? మీ బాపు నాతోని కొట్లాడినట్టు మూతి బిగబట్టుకొని కూసున్నడు."

సాంచాల మోతలో నూలు కండెలు చుట్టీ చుట్టీ అవ్వ వినికిడి ఎప్పుడో పోయింది. షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరూ ఎదుటివాళ్ల పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఇంట్లో నేనూ ఆమె ఎదురుగా నిలబడే మాట్లాడతాను. అలాంటిదాన్ని, ఆమె కోసమే తీసిన సినిమాలో పాటలన్నీ వెనక పెట్టాను! చెడ్డ సిగ్గేసింది. ఆ పాత సినిమా ఆమెకు ఎందుకంత ఇష్టమో కూడా అప్పుడే తెలిసింది. అందులో హీరో ప్రతి మాటకూ నోరు నిండా తెరుస్తాడు.

మరుసటి వారమే మళ్లీ తీశాం. ఈసారి కెమెరా బాపు మొహానికి దగ్గరగా పెట్టి, నోరారా పాడమన్నాను. ఆయన మీసాలకు రంగు వేసుకుని మరీ వచ్చాడు.

అవ్వ టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. మొదటి పాటకు ఆమె పెదవులూ కదిలాయి. రెండో పాటకు గొంతు కలిపింది, గట్టిగా, శ్రుతీ గితీ లేకుండా. నాకు ఏడుపొచ్చేసింది. మూడో పాట మధ్యలో మాత్రం చటుక్కున ఆగి బాపు వైపు తిరిగింది.

"గీడ చరణం మింగినవ్ గదా!"

బాపు తల దించుకున్నాడు. షూటింగులో ఆయన మాటలు మరిచిపోయి ఊరికే నోరాడించాడట. రికార్డు చేసిన పాట సాఫీగా సాగిపోతుంటే, చెవులున్న నేను అది కనిపెట్టనే లేదు.

"మల్ల తియ్యి," అంది అవ్వ నాతో. "గీసారి నేనొచ్చి ఎదురుంగ నిలబడి మాటలందిస్త."